పాత గుంటలు చూపిన బంగారం

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. చెట్టూ చేమా పలచన, పైమట్టి జానెడు. అందుకే ఇక్కడ అడుగు రాయి దాగదు. నల్లరాతి నేల మీద తెల్లటి పలుగురాయి చారలు దూరం నుంచే కనిపిస్తాయి. సీమలో బంగారం వేట వేల ఏళ్ళుగా ఆ చారల వెంటే సాగింది.

రామగిరి, జొన్నగిరి, కుప్పం దగ్గరి చిగురుగుంట, అవతల కోలారు, హట్టి అన్నీ ఒకే కోవకు చెందిన శిలలు. సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట నీటి అడుగున పొంగిన లావా, ఆ తర్వాతి వేడికీ ఒత్తిడికీ నలిగి పలకలు పలకలుగా మారింది. ఇదే శిస్టు. చుట్టూ గ్రానైటు ఎగదన్నడంతో అది సన్నని పట్టీలుగా మిగిలింది. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటికి ధార్వార్ శిలలని పేరు పెట్టారు. నేల ఒరుసుకుని నలిగిన చోట్ల పగుళ్ళు పడ్డాయి. లోతుల్లోని వేడినీళ్ళు ఆ పగుళ్ళ వెంట పైకి పాకాయి. ఆ నీళ్ళలో బంగారం గంధకంతో జతకట్టి కరిగి ఉంటుంది. దారిలో ఇనుము ఉన్న రాయి తగిలితే గంధకం దాన్ని పట్టుకుని పైరైటుగా మారుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే దిగబడుతుంది. పలుగురాయి ముక్కను చేతిలోకి తీసుకుంటే పసుప్పచ్చగా తళుక్కుమనేది చాలాసార్లు ఈ పైరైటే. అసలు బంగారం కంటికి ఆననంత సన్నగా దాని పక్కనే ఉంటుంది.

జొన్నగిరిది ఇంకో విశేషం. అక్కడి దోన ప్రాంతంలో బంగారం శిస్టులో కాక, దాన్ని ఆనుకుని నలిగిన, గ్రానైటును పోలిన గ్రానోడయొరైటులో ఉంది. శిస్టు పట్టీ దాటితే వెతకనక్కర్లేదనే అలవాటును ఈ చిన్న నిక్షేపం ప్రశ్నించింది. నా దృష్టిలో తెలుగు నేల భూగర్భ శాస్త్రానికి అందించిన మంచి పాఠాల్లో ఇదొకటి.

అయితే ఈ పాఠం మనకంటే ముందు నేర్చుకున్నవాళ్ళున్నారు. దక్కన్‌లో బంగారమున్న చోటల్లా పాత గుంటలున్నాయి. రాతి మీద కట్టెలు పేర్చి మంటపెట్టి, కాగిన రాతి మీద నీళ్ళు గుమ్మరించి పగలగొట్టేవారు. ఆ ముక్కల్ని రాతి గుంతల్లో నూరి, నీళ్ళలో గాలించేవారు. హట్టిలో ఇలాంటి తవ్వకం 640 అడుగుల లోతుకు దిగింది. అక్కడ దొరికిన కొయ్యను కార్బన్ పరీక్ష చేస్తే సుమారు రెండు వేల ఏళ్ళ నాటిదని తేలింది. కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనంలో సువర్ణగిరి నుంచి ఆజ్ఞలు వెలువడినట్టుంది. ఆ సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు, రాయచూరు వైపని కొందరు వాదిస్తారు. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి అశోక శాసనాలను 1928-29 ప్రాంతంలో వెలుగులోకి తెచ్చింది అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కావడం నాకు చాలా సబబుగా తోస్తుంది.

ఆంగ్లేయుల కంపెనీలు కూడా ఆ గుంటల వెంటే వచ్చాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కోలారులో అడుగుపెట్టింది. 1887లో గ్లాస్గోలో సయనైడు పద్ధతికి పేటెంటు వచ్చాక, అంతకుముందు వదిలేసిన నాసిరకం రాయి నుంచి కూడా బంగారం రాబట్టడం వీలైంది. 20వ శతాబ్దం మొదట్లో రామగిరిలో నార్త్ అనంతపూర్, జిబుటిల్ కంపెనీలు గనులు తెరిచాయి. 1927 నాటికి అవి మూతపడ్డాయి. లోతుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు తోడే ఖర్చు, కొయ్య ఖర్చు, కూలి పెరుగుతాయి. బంగారం ధర మాత్రం అప్పట్లో ఔన్సుకు 20.67 డాలర్ల దగ్గర కట్టేసి ఉండేది. రాయి ఎంత మంచిదైనా ఆ లెక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది?

1971లో అమెరికా డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి విప్పేశాక ధర ఎగబాకింది. ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ రామగిరిలో యెప్పమాన గనిని మళ్ళీ తెరిచింది. 2001లో కోలారుతో పాటే ఇదీ ఆగింది. గనుల్లో రాయి కొట్టిన కుటుంబాలు పని వెతుక్కుంటూ చెల్లాచెదురయ్యాయి. ఆ మనుషుల గురించి రాసినవి తక్కువ. గనుల చరిత్రలో నాకు కొరతగా కనిపించేది అదే.

1993 ఖనిజ విధానం బంగారం తవ్వకంలోకి ప్రైవేటు సంస్థల్ని రానిచ్చింది. జొన్నగిరిలో జియోమైసూర్ సంస్థకు 2013లో లీజు దక్కింది. ప్లాంటు రూపుదిద్దుకోవడానికి మరో దశాబ్దం పట్టింది. ఆ చుట్టుపక్కల తుగ్గలి చేలల్లో తొలకరికి జనం వజ్రాల కోసం వెతుకుతారు. వాన మట్టిని కడిగితే వజ్రం బయటపడొచ్చు. బంగారం సంగతి అలా కాదు. టన్నుకు గ్రామున్నర ఉన్న రాయి నుంచి పదిహేను గ్రాములు తీయాలంటే పది టన్నులు తవ్వాలి, పొడిచేయాలి, సయనైడు నీళ్ళలో నానబెట్టాలి, మిగిలిన బురదను ఊరి చెరువుకు చేరకుండా కట్టడి చేయాలి. నీళ్ళకే కరువైన చోట ఈ పనికి నీళ్ళెక్కడివన్నది అనుమతి పత్రాల్లో మొదట రాయాల్సిన మాట. ఇటీవలి వేలం జాబితాల్లో రామగిరి పేరు మళ్ళీ కనిపించింది. అక్కడ కొత్తగా బోరు దింపేవాళ్ళు కూడా పాత గుంటల చుట్టూనే గీతలు గీసుకుంటారు.