కొలనులో గడిచిన ఏళ్లు

హాల్లో లైట్లు ఆరాయి. ముందు వరసల్లో పిల్లల గోల ఇంకా సద్దుమణగలేదు. తెర మీద నలుపు తెలుపుల్లో ద్వారక మెరుస్తోంది. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ మళ్లీ ఆడుతోంది.

చిన్నారి శశిరేఖ కొలను గట్టున నిలబడింది. ఇక్కడ చూపు తిప్పకండి, నీళ్లలోకే చూడండి. గట్టు మీద ఉన్నది చిన్నపిల్లే. నీళ్లలో మాత్రం పెద్ద శశిరేఖగా సావిత్రి! ఏళ్లు గడిచాయని చెప్పడానికి తెర మీద అక్షరాలు పడలేదు. క్యాలెండర్ కాగితాలు ఎగరలేదు. పరిగెత్తే చిన్న కాళ్లు పరుగులోనే పెద్దవి కాలేదు. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఒక్క ప్రతిబింబంతో పని కానిచ్చేశారు.

పక్క సీట్లో పాప తల్లి కొంగు లాగింది. “అమ్మా, ఎప్పుడు పెద్దదైపోయింది?”

“ఇప్పుడేనే. చూళ్లేదూ?”

సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. ఒక్కో బొమ్మ కోసం కెమెరా కన్ను తెరుచుకునేది సెకనులో దాదాపు యాభయ్యో వంతు. ఆ కాస్తలోనే దీపాల వెలుగు సావిత్రి చెంపను తాకి, కటకం దాటి, ఫిలిం మీది వెండి లవణాల్లో ముద్రగా పడింది. మూడు గంటలు దాటే ఈ సినిమాలో అలాంటి ముద్రలు రెండున్నర లక్షలకు పైనే. 2010లో దీనికి రంగులద్దారు. ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. అయినా నాకు ఈ నలుపు తెలుపే ప్రాణం. ఆనాడు ఫిలిం పట్టుకున్నది వెలుగునీడల తేడానే. చీరకు వేసిన రంగు తర్వాతివాళ్ల ఊహ. ఆ నీడ మాత్రం ఆ రోజుదే, అప్పుడు అక్కడ నిలబడ్డ మనిషిదే.

ఇంతలో శ్రీకృష్ణుడిగా ఎన్.టి.ఆర్. చిరునవ్వుతో వచ్చేశారు. అభిమన్యుడు అక్కినేని. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు. 1974లో రంగారావు, 1981లో సావిత్రి, 1996లో ఎన్.టి.ఆర్., 2014లో అక్కినేని వెళ్లిపోయారు. ఆ సంగతి మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. వెన్నెల్లో పడవ మీద కూర్చున్న ముఖాల్లో రేపటి జాడే లేదు. చూస్తుంటే గుండె పట్టేస్తుంది. ఆ కాసేపూ కథ ఎటు పోతోందో కూడా పట్టదు.

పెళ్లిపందిరి వచ్చేసింది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే సావిత్రి ఇప్పుడు రంగారావును నటించాలి! భుజాలు విరిచింది, నడక మారింది, చూపులో రాక్షసుడి గీర. పక్కన పెళ్లికొడుకు రేలంగి పాదం మీద కాలు పడింది. ఆయన కెవ్వుమన్నాడు. పాప సీటెక్కి నిలబడి చప్పట్లు కొడుతోంది. వాళ్లమ్మ కూర్చోమనడం కూడా మరిచిపోయి పగలబడి నవ్వుతోంది.