పదవీ విరమణానంతరం పదకొండు పడకలు

మఠంపల్లి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలవారికి ఉచిత నేత్ర వైద్య శిబిరం కొత్త కాదు. వృద్ధులను పరీక్షించి, శుక్లాలు ముదిరినవారిని వాహనంలో ఆసుపత్రికి చేర్చి, శస్త్రచికిత్స అనంతరం తిరిగి ఊరికి పంపే ఈ పద్ధతి వెనుక ఒక చరిత్ర ఉన్నది. దానిలో ముఖ్యమైన ఘట్టం మదురైలో, ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుని చేతుల మీదుగా జరిగింది.

ఆయన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. 1918లో దక్షిణ తమిళనాడులో రైతు కుటుంబంలో జన్మించారు. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కాని సైన్యంలో పనిచేసే రోజుల్లో తీవ్రమైన కీళ్లవాతం వేళ్లను శాశ్వతంగా వంకర చేసింది. 1948లో ఆ కొలువు ముగిసింది. తరువాత నేత్రవైద్యం అభ్యసించి, తన వేళ్లకు అనువైన పరికరాలు రూపొందించుకొని, జీవితకాలంలో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు.

ఆ తరంలోనే మన హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రి వైద్యులు పి. శివారెడ్డి కూడా వందలాది శిబిరాలు నడిపారు. నాటి శిబిరాలలో బడి గదులే శస్త్రచికిత్స గదులు. మసకబారిన కటకాన్ని తీసివేసి దళసరి అద్దాలిచ్చి పంపేవారు. శిబిరం ఎత్తివేశాక కన్ను ఎర్రబడితే చూసే దిక్కు ఉండేది కాదు. ఉచితమైనంత మాత్రాన వైద్యం పూర్తయినట్లు కాదని నా అభిప్రాయం.

1976లో, 58వ ఏట పదవీ విరమణ చేసిన వెంకటస్వామి మదురైలో ఒక అద్దె ఇంట 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. వైద్యులైన సోదరి నాచ్చియార్, ఆమె భర్త నంపెరుమాళ్‌స్వామి తోడు నిలిచారు. చెల్లించగలవారి రుసుముతోనే పేదల చికిత్స సాగింది. గ్రామాలలో పరీక్షలు మాత్రమే జరిపి, శస్త్రచికిత్సను ఆసుపత్రిలోనే చేసే పద్ధతి స్థిరపడింది. పల్లెటూరి యువతులకు శిక్షణ ఇచ్చి సహాయకులుగా నియమించారు. దిగుమతి కటకాలు పేదలకు అందని ధర పలుకుతుండగా, 1992లో ఆరోల్యాబ్ స్థాపించి వాటిని ఇక్కడే చౌకగా తయారుచేయించారు. 2006లో మరణించేనాటికి ఆ అద్దె ఇల్లు ఎన్నో పట్టణాలకు విస్తరించిన సంస్థ అయింది.

చుక్కల మందుతో శుక్లం కరుగుతుందని నేటికీ కొందరు నమ్ముతారు; కరగదు. శస్త్రచికిత్స తరువాత నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఇంటింటికీ వెళ్లి ఆ గుర్తులు చూసేందుకు పెద్ద భవనం అక్కరలేదు, మఠంపల్లిలో ఒక విశ్రాంత నర్సు ఉంటే చాలు.