లావుపాటివాళ్ల సంగీతమేనా?

జాజ్ లావుపాటివాళ్ల సంగీతమని మాక్సిం గోర్కీ తీర్పు చెప్పాడు. 1928లో ప్రావ్దాలో అచ్చయిన వ్యాసమది. ఇటలీలో, సొరెంటోలో ఉండగా పక్క హోటలు నుంచి రాత్రివేళ వినవచ్చిన హోరు ఆయనకు రోత పుట్టించింది. ఆ తీర్పును సోవియట్ విమర్శకులు చాలా ఏళ్లు వల్లించారు. గోర్కీ అంతటివాడు అన్నాడు గనుక మనమూ పరీక్షించకుండా ఒప్పుకోవాలా?

ఆయన చూసింది హోటలును. అక్కడ తిని తాగి ఆడేవాళ్లను బట్టి సంగీతానికి వర్గం నిర్ణయించాడు. వాయించేవాడి చేతులను బట్టి నిర్ణయిస్తే లెక్క తారుమారవుతుంది.

అదే 1928 నవంబరులో న్యూయార్కులో ఇద్దరు గిటారు వాద్యకారులు కలిసి రికార్డులిచ్చారు. ఒకడు న్యూఆర్లియన్స్ నల్లజాతివాడు లానీ జాన్సన్. రెండవవాడు ఫిలడెల్ఫియాలోని ఇటలీ వలస కుటుంబపు బిడ్డ ఎడ్డీ లాంగ్. ఆ రోజుల్లో అమెరికా కంపెనీలు నల్లవారి రికార్డులను వేరే వరుసగా అమ్మేవి. తెల్లవాడి పేరు ఆ వరుసలో కనిపించకూడదు. కనుక లేబిలు మీద లాంగ్‌ను ‘బ్లైండ్ విల్లీ డన్’ చేశారు. పాపం, అతడు గుడ్డివాడూ కాడు, విల్లీ కూడా కాడు. 1930లో ‘కింగ్ ఆఫ్ జాజ్’ చిత్రంలో లాంగ్ వాయించాడు గాని, అందులో రాజు బిరుదు బృంద నాయకుడు పాల్ వైట్‌మన్‌ది. ఇంటిపేరే ‘తెల్లవాడు’! లాంగ్ 1933లో చనిపోయాడు. జాన్సన్ 1959 నాటికి ఫిలడెల్ఫియాలో ఒక హోటలులో ఊడ్చి తుడిచే పనిలో ఉన్నాడు. లావుపాటివాళ్లు ఎవరో, సంగీతం ఎవరిదో ఇక్కడ తెలుస్తూనే ఉంది.

ఈ తొలినాటి గిటారును ఈ తరం వినగలిగే మార్గాల్లో ఒకటి సినిమా పాటల ఆల్బం. వుడీ ఆలెన్ 1999లో తీసిన ‘స్వీట్ అండ్ లోడౌన్’ 1930ల నాటి ఒక కల్పిత గిటారిస్టు కథ. సంగీతం కూర్చినవాడు డిక్ హైమన్. మొన్న కాయకోత రోజుల్లో నూజివీడు దగ్గర, చిన్నరసాలను గంపల్లో సర్దే పాక పక్కన కూర్చుని ఈ ఆల్బం విన్నాను. మొదట చెవిని పట్టేది రాగం కాదు, నడక. తీగలన్నీ కలిపి తెగ్గొట్టినట్టు వేసే దెబ్బలు తాళానికి ఆసరాగా నిలుస్తాయి. ఆ పద్ధతిని ప్రపంచానికి చాటిన జాంగో రైన్‌హార్ట్ 1934 నాటి పారిస్ బృందంలో డప్పూ లేదు, డ్రమ్మూ లేదు. రెండు గిటార్లూ ఒక బాసూ ఆ చాకిరీ చేసేవి. జాంగో సంచార రోమా జాతివాడు. ఆ జాతి భాష మూలాలు మన ఉత్తర భారతంలోనే ఉన్నాయి. 1928లో బండిలో నిప్పంటుకుని అతని ఎడమచేతి రెండు వేళ్లు చచ్చుబడితే, మిగిలిన వేళ్లతోనే కొత్త వాదనం కట్టాడు. నాజీలు అతని జాతిని లక్షల్లో చంపారు.

ఈ చిత్రంలో తెర మీద గిటారు పట్టినవాడు షాన్ పెన్; వినిపించే వేళ్లు హోవర్డ్ ఆల్డెన్‌వి. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఘంటసాల గొంతుకు పెదవులాడించిన హీరోలను చూస్తూ పెరిగినవాళ్లం.

ఆ ఘంటసాల కథ నూజివీడు గడ్డ మీదకే వస్తుంది. నూజివీడు పక్క మీర్జాపురం రాజా ఆగిరిపల్లి కొండ పేరు మీద శోభనాచల సంస్థను నిలిపి, మద్రాసులో స్టూడియో నడిపాడు. 1949లో ‘కీలుగుర్రం’ తానే దర్శకత్వం వహించి తీశాడు. అదే ఏడు ఆయన భార్య కృష్ణవేణి ‘మనదేశం’ నిర్మించింది. గోర్కీ కొలబద్ద పెడితే ఇది జమీందారీ సంగీతం. రెండు చిత్రాలకూ సంగీతం కూర్చినదెవరు? విజయనగరంలో మధుకరం ఎత్తి చదువుకుని, 1942 ఉద్యమంలో జైలుకెళ్లిన చౌటపల్లి కుర్రాడు. డబ్బు కౌలు రైతు చెమటది, బిరుదు రాజాది, బాణీ బీదవాడిది. దీన్ని ఒక్క మాటతో ‘భూస్వామ్య కళ’ అని కొట్టిపారేసే విమర్శ బద్ధకపు విమర్శ.

అయితే ఘంటసాలకు పేరన్నా దక్కింది. బొంబాయిలో పగలు స్టూడియోల్లో, రాత్రి హోటళ్లలో వాయించి హిందీ పాటకు జాజ్ నడక నేర్పిన గోవా క్రైస్తవుల్లో 1951 నాటి ‘అల్బేలా’లో తెరకెక్కిన చిక్ చాకొలెట్ వంటివారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. మద్రాసు స్టూడియోల్లో రోజు కూలికి ఫిడేలూ గిటారూ పట్టినవారిలో ఎందరి పేర్లు తెర మీద పడ్డాయి? పాత రికార్డు తిప్పి లేబిలు చదవండి. గాయకుడుంటాడు, సంగీత దర్శకుడుంటాడు, కంపెనీ కుక్క బొమ్మ కూడా ఉంటుంది.