పన్నుపై మోపిన నేరము

1910వ సంవత్సరము అక్టోబరు మాసమున, కెనడా దేశమందలి మాంట్రియల్ నగరములో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థుల యెదుట విలియం హంటర్ అను లండన్ వైద్యుడు చేసిన యుపన్యాసము, తరువాత ముప్పది యేండ్లపాటు అమెరికాలోను ఇంగ్లండులోను లెక్కకు మిక్కిలిగా పండ్లు పెరికివేయబడుటకు హేతువయ్యెను. కుళ్ళిన పంటివేళ్ళపై బంగారు తొడుగులు బిగించి, లోపలి చీమును కప్పిపుచ్చి, దానినే దంతవైద్యకౌశలమని చెప్పుకొనుచున్నారని ఆయన యాక్షేపించెను. రక్తహీనతయు, అజీర్తియు, నరముల నిస్సత్తువయు, కీళ్ళ నొప్పులును ఆ చాటుచీమునుండియే పుట్టుచున్నవని నిర్ధారించెను. ఆయన పాండిత్యము లేక దబాయించు మనుష్యుడు కాడు. ప్రాణములు తీయు పాండురోగమును గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించినవాడు. ఆ రోగుల నాలుక పాచి యేమియు లేక నున్ననై, ఎఱ్ఱనై, పుండువలె మండుచుండుట ఆయన కంటబడినది. నోటిలోని విషము కడుపులోనికి దిగి రక్తమును హరించుచున్నదని ఊహించెను. ఆ నాలుకకు నేటికిని వైద్యగ్రంథములందు హంటర్ పేరు నిలిచియున్నది. అయినను ఆ మంట రోగమునకు ఫలమే గాని మూలము కాదని తేలుటకు చాలకాలము పట్టెను.

పంటివేరును పెరకక నిలుపుకొను విద్య అప్పటికి నిన్నమొన్నటిది కాదు. 1728లో పారిస్ నగరమున పియెర్ ఫొషార్ ప్రకటించిన మహాగ్రంథమునందే, పుప్పిపంటిలోని చీమును సూదితో వెలికిదీసి లవంగతైలమద్దిన దూదిని నింపు పద్ధతి కలదు. పంటిలో పురుగున్నదను ప్రాచీన విశ్వాసమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, తనకట్టి పురుగు కానరాలేదని చెప్పిన ధీరుడును ఆయనయే. ఆ విశ్వాసము ఒక్క దేశమునకు పరిమితమైనది కాదు. మన పల్లెలలో వాకుడు గింజలను నిప్పులపై వేసి, ఆ పొగను నోటికి పట్టించి పురుగులు రాలినవని చూపుచుండెడివారు. ఐరోపాలో అదే తంతును ఖురాసాని వాము గింజలతో జరిపిరి. వేడికి పగిలిన గింజలోని మొలకయే పురుగువలె కనబడెడిదని తరువాతివారు గ్రహించిరి. 1836లో న్యూయార్కు నగరమున స్పూనర్ అను నాతడు పంటినరమును చంపుటకు పాషాణమును వాడవచ్చునని ప్రకటింపగా, రెండేండ్లకు మేనార్డ్ గడియారపు స్ప్రింగును ఆకురాయితో సన్నముగా అరగదీసి, వేరునాళములోనికి దూర్చి నరమును లాగు పనిముట్టును చేసెను. పాషాణము పెట్టిన పన్ను, నరము చచ్చువరకు రోగికి నిద్ర పట్టనిచ్చెడిది కాదు. పొరబాటున అది చిగురునకు తగిలినచో క్రింది యెముకయు చచ్చెడిది. 1884లో కొకెయిన్ వాడుకలోనికి వచ్చి, 1905 ప్రాంతమున నోవోకెయిన్ సిద్ధమగువరకు ఈ బాధకు సరియైన శమనోపాయము లేదు.

ఇక రక్తము మాట. ఐరోపాలో యౌవనవతులైన కన్యలు ఆకుపచ్చ చాయ తిరిగి, మెట్లెక్కినంతనే ఆయాసపడుటను 1554లో యోహాన్ లాంగె అను వైద్యుడు వర్ణించి, దానికి మందు వివాహమేయని సెలవిచ్చెను! ఫ్రాన్సు దేశమున 1832లో బ్లోడ్ అను వైద్యుడు అన్నభేదితో మాత్రలు చేసి యిచ్చువరకు ఆ బాలికలలో పెక్కుమందికి దొరకిన ఉపదేశములు ఇట్టివే. మన చరకుడు పాండురోగమునకు మండూరమును, లోహచూర్ణమును విధించి అంతకు ఎన్నో శతాబ్దములు ముందే ఇనుమును పట్టుకొనెను. కాని ఆయనయు మట్టి తినుటను పాండురోగ హేతువులలో నొకటిగా పేర్కొనెను. వేవిళ్ళనాడు గోడమట్టి గోకి తిను గర్భిణి ఒంట్లో రక్తము లేనందుననే మట్టికై ఆశపడుచుండవచ్చునని నేటి వైద్యులందురు. ఫలమును మూలముగా నెంచుట ఎంతటి ద్రష్టకైనను తప్పదు కాబోలు!

హంటర్ ఉపన్యాసమును షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ సిద్ధాంతముగా పెంచెను. వెస్టన్ ప్రైస్ 1923లో రెండు బృహత్సంపుటములు ప్రకటించి, వేరునాళ చికిత్స పొందిన పండ్లను పెరికి కుందేళ్ళ చర్మము క్రింద కుట్టగా అవి జబ్బుపడినవని చూపెను. నరము తీసిన ప్రతి పన్నును నేరస్థునిగా ఎంచు దంతవైద్యులు బయలుదేరిరి. నోవోకెయిన్ సూది వారి పనిని సుకరము చేసెను. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయాధిపతి హెన్రీ కాటన్, ఉన్మాదమునకును మూలము పండ్లయందే కలదని నమ్మి, రోగుల పండ్లే గాక తన కన్నబిడ్డల పండ్లను సైతము పెరికించెను. ఇంగ్లండు, స్కాట్లండు దేశములలోని కొన్ని శ్రామిక కుటుంబములందు పెండ్లికి ముందే వధువు పండ్లన్నియు తీయించి కట్టుడుపండ్లను కానుకగా నిచ్చు వాడుక యుండెను. పెండ్లికొడుకునకు మున్ముందు ఖర్చు తప్పునని! ముఖము పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడు స్త్రీకి పండ్లు తీసివేసిన పిదప మిగులునది పలుచని గంజియు, మెత్తని రొట్టెయు. మాంసమును ఆకుకూరలను నమలలేని ఆ నోటితో ఆమె రక్తమెట్లు పుంజుకొనగలదు? చికిత్సయే రోగమునకు తోడుబోయినది.

అభియోగము వీగిపోవుటకు సాక్ష్యము దంతశాల వెలుపలినుండి వచ్చెను. 1926లో బోస్టన్ నగరమున మైనట్, మర్ఫీ యను వైద్యులు ప్రాణాంతక పాండురోగులు 45 మందికి దినదినము దూడ వంటి జంతువుల కాలేయమును తినిపించి వారిని బ్రతికించిరి. ఆ చికిత్సకు పండ్లు పెరుకుటతో పని లేకపోయెను. అయినను రక్తము తిరిగి వచ్చెను, నాలుక మంట చల్లారెను.

బొంబాయి స్త్రీల కథ దీనికి భిన్నము. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు గర్భిణుల మరణములపై జరుగు విచారణ నిమిత్తము భారతదేశమునకు వచ్చి, బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థలో బట్టల మిల్లు కూలీలను, పరదా చాటున బ్రతుకు పేద ముస్లిము స్త్రీలను పరీక్షించెను. వారి రక్తకణములు ప్రాణాంతక పాండురోగమునందువలెనే పెద్దవిగా నుండెను గాని, లోపము భోజనములోనిదని ఆమె గ్రహించెను. చౌకగా దొరకు మార్మైట్ అను సారమును, అనగా బీరు తయారీలో మిగిలిన ఈస్టునుండి తీసిన నల్లని జిగట పదార్థమును, ముందు కోతులకును పిదప స్త్రీలకును పెట్టగా వారు కోలుకొనిరి. 1931లో ఆమె చెన్నపట్టణపు గోషా ఆసుపత్రిలోను పనిచేసెను. ఆనాడు చెన్నపట్టణము మన తెలుగువారిలో పెక్కుమందికిని రాజధానియే గదా! కాలేయము పేరు చెప్పిననే చెవులు మూసుకొను శాకాహార కుటుంబములకు ఈ సారము వరప్రసాదము. శుద్ధి చేసిన కాలేయసారము ఈ స్త్రీలకు పనిచేయదనియు, ముతకసారము పనిచేయుననియు ఆమెయే తరువాత కనుగొనెను. అందుచే ప్రాణాంతక పాండురోగమును మాన్పు పదార్థము గాక రెండవ పదార్థమేదో కలదని తేలెను.

ఆ పదార్థమును ప్రయోగశాలలో నిర్మించినవారి నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సంగ్రహణి యను పేగుజాడ్యము ఆయన సోదరులనిద్దరిని స్వల్పకాలములోనే కబళించెను. ఆయననుగూడ పట్టి వదలెను. ఆ జాడ్యమునందు నోరు పూయును, నాలుక పగులును, రక్తము సన్నగిల్లును. 1923లో బోస్టన్ చేరి, అక్కడ కాలేయసారమును శోధించి, 1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. తోబుట్టువులకు అందని మందు బొంబాయి గర్భిణులకు అందినది.

దంతవైద్యులు తమ విద్యను మరల నిలబెట్టుకొనిరి. 1943లో అమెరికాలో వేరునాళ చికిత్సకులకు ప్రత్యేక సంఘమేర్పడెను. 1963లో అది ప్రత్యేకశాఖగా గుర్తింపు పొందెను. హంటర్‌కు న్యాయము చేయవలెనన్న ఒక మాట చెప్పవలసియున్నది. దీర్ఘకాలపు వాపు శరీరములోని ఇనుమును నిల్వలలో బంధించి, రక్తమునకు అందనీయదని ఈ శతాబ్దారంభమున హెప్సిడిన్ అను పదార్థమును కనుగొన్న పిదప స్పష్టపడెను. అయినను దానికి పరిహారము పంటి మూలమును శుద్ధిచేయుటయే గాని పళ్ళవరుసను పెరికివైచుట కాదు.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనులు దేశమున నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. రూట్ కెనాల్ కొఱకు కుర్చీలో కూర్చున్న స్త్రీ, పన్ను ఒక్కటే గాక నోరంతయు మండుచున్నదనియు, పెదవుల మూలలు పగులుచున్నవనియు చెప్పునపుడు, అనుభవజ్ఞుడైన వైద్యుడు పంటి ఎక్స్‌రేతోపాటు ఆమె క్రింది కనురెప్పను తిప్పి చూచును. వాచిన నరము చుట్టు ఆమ్లత్వము పెరిగి, మత్తుసూది సరిగా పట్టదు. ఆ నొప్పి పంటిది. మంట మాత్రము రక్తమునకు సంబంధించినది కావచ్చును.

ఇనుప టానికు త్రాగినచో పండ్లు నల్లబడునని సీసాను గూటిలో దాచి మరచిపోవు ఇల్లాండ్రు నేటికిని కలరు. ఇప్పుడు నేరము తిరుగబడి ఇనుముపై పడినది. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు అందులకే ఇనుప ద్రావకమును గాజుగొట్టముతో గొంతు దగ్గరకు పీల్చుకొమ్మనుచుండిరి. ఆ నలుపు పైపై మరకయే. దంతవైద్యుడు పండ్లు శుభ్రము చేయునపుడు పోవును, మాత్ర మ్రింగువారికి అదియు నుండదు.