ఆర్ లోయ: మనం తాగని దాని తారీఖ్

నేను రాసేవన్నీ మా అమ్మీ చదివించుకుని వింటుంది. ఈసారి మాత్రం "షరాబ్ గురించి రాస్తున్నావా బేటా?" అని కళ్లెర్రజేసింది. షరాబ్ హరామే, అందులో బహస్ లేదు. "నేను రాసేది ఆ తోటల్లో మెహనత్ చేసిన గరీబుల గురించమ్మీ" అన్నాను.

2021 జూలైలో న్యూస్ డెస్క్‌లో ఉండగా జర్మనీ నుంచి ఫొటోలొచ్చాయి. బురద మెత్తుకుపోయిన సీసాలు, కూలిన ఇళ్లు. జూలై 14 రాత్రి ఆర్ అనే చిన్న నది పొంగి, ఆ లోయలో 130 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజు మొదలైన తలాష్ ఇది.

ఆర్ రైన్ నదిలో కలిసే ఉపనది. దాని ఒడ్డున నిట్టనిలువు పలకరాతి కొండల మీద సుమారు 550 హెక్టార్ల ద్రాక్షతోటలు. జర్మనీలోని చిన్న ద్రాక్ష ప్రాంతాల్లో అదొకటి. ఆ ఏటవాలులో చాలాచోట్ల యంత్రం ఎక్కదు, పని చేతులతోనే. 19వ శతాబ్దంలో పండించినవాడికి గురబత్, లాభం వ్యాపారికి. ఎంతోమంది ఊళ్లొదిలి అమెరికా వెళ్లిపోయారు.

1868లో మైషోస్ అనే పల్లెలో 18 మంది రైతులు ఒక్కటయ్యారు. పంటంతా ఒకచోట చేర్చి, కలిసే అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లలో నవాబు లేడు, జాగీర్దారు లేడు. ఆ సంఘం ఈనాటికీ ఉంది.

ఆ రోజుల్లోనే, రైన్ అవతలి గట్టున, రైఫైజెన్ అనే మేయర్ సాహూకార్ల చేతిలో నలిగే రైతుల కోసం 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పుల సంఘం పెట్టాడు. 1890లలో మద్రాసు సర్కారు ఫ్రెడరిక్ నికల్సన్‌ను యూరప్ సంఘాలు చూసి రమ్మంది. ఆయన రైఫైజెన్ దారినే సిఫారసు చేశాడు. 1904లో సహకార చట్టం వచ్చింది. అప్పట్లో మన కోస్తా, సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అబ్బా పంటకు కర్జ్ తెచ్చిన మా ఊరి సొసైటీ మూలాలు అక్కడున్నాయి. అది సూద్ లేని అప్పు కాదు, ఆ ఫరక్ మనకు తెలుసు. కానీ సాహూకారు కబ్జా నుంచి బయటపడే ఒక రాస్తా.

వరద తర్వాత ఆర్ రైతులు ఆ బురద సీసాలను కడగకుండానే అమ్మి, లక్షల యూరోల చందా పోగుచేశారు. సాయానికి దేశం నలుమూలల నుంచి వలంటీర్లొచ్చి ఇళ్లలో బురద ఎత్తారు. వాళ్లలో జంగ్ నుంచి పారిపోయి జర్మనీలో పనాహ్ పొందిన సిరియా యువకులూ ఉన్నారు. తాము తాగని షరాబ్ ఊళ్లో, ఇన్సానియత్ ఫర్జ్ అనుకుని పార పట్టారు.

ఇదంతా అమ్మీకి వినిపించాను. మా మొహల్లాలో రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చుకుని బండి నడిపే పిల్లలు ఆమెకు గుర్తొచ్చినట్టున్నారు. కాసేపు ఖామోష్‌గా ఉండి, "అలాంటి పద్దెనిమిది మంది మన గల్లీలో దొరకరా బేటా?" అంది.

నా దగ్గర జవాబ్ లేదు. మీ దగ్గరుందా?