కీడు భావన (కోనసీమ)

లోకంలో కీడు ఎక్కడ పుడుతుంది, అది మనిషి స్వభావంలోనే ఉందా లేక ఒకరు రగిలిస్తే రగిలేదా అన్న ప్రశ్నలను కోనసీమ శాస్త్రగ్రంథాలకన్నా ముందు ఒక క్షేత్రకథగా ఎరుగును. అది, గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట, రాజోలుకు దిగువన సఖినేటిపల్లి మండలంలో వెలసిన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి స్థలపురాణం.

ఆ కథ ప్రకారం హిరణ్యాక్షుని కొడుకు రక్తవిలోచనుడు శివుని మెప్పించి, తన నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుట్టుకొచ్చేలా వరం పొందుతాడు. అయితే అతడు వశిష్ఠుని నూరుగురు కొడుకులను పొట్టన పెట్టుకున్నది తన పగతో కాదు, వశిష్ఠునిపై కక్ష పెంచుకున్న విశ్వామిత్రుని ప్రేరణతో. అరిషడ్వర్గంలో, అంటే మనిషిలోని ఆరుగురు లోపలి శత్రువులలో, చివరిదైన మాత్సర్యం తపస్విని సైతం విడిచిపెట్టలేదని చెప్పడంలోనే ఈ కథ లోతంతా ఉంది. నరసింహుడు చక్రం ప్రయోగించగా కారిన నెత్తురు ఇసుకను తాకి రాక్షసులు వేలుగా లేస్తారు, అనగా దండన ఒక్కటే కీడును అణచకపోగా పెంచుతుంది. మాయాశక్తియైన అశ్వరూఢాంబ నాలుక చాచి ఒక్క బొట్టూ నేల రాలకుండా పట్టిన తరువాతే అతడు కూలుతాడు. దేవీమాహాత్మ్యంలోని రక్తబీజుని కథలోనూ ఇదే ఊహ ఉన్నా, అడుగడుగునా ఇసుక మేటలున్న ఈ నదీముఖంలో దానికి వచ్చిన బలం వేరు. ఆ తల్లినే స్థానికులు గుర్రాలక్కగా కొలుస్తారు. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవంలో స్వామి తరఫున ఆమెకు ఆడపడుచు మర్యాదగా చీర, సారె అందుతాయి. ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో కొపనాతి కృష్ణమ్మ కట్టించారు.

శాస్త్రచర్చలో ఈ ప్రశ్నకు ‘వైషమ్య నైర్ఘృణ్యాలు’ అని పేరు. ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు అనే ఆక్షేపణ అని దీని అర్థం. జీవుల కర్మను బట్టే సుఖదుఃఖాలు కలుగుతాయని శంకరులు దీనికి సమాధానం చెప్పగా, కొందరు జీవులు స్వభావం చేతనే తమస్సుకు చెందినవారని మధ్వాచార్యులు 13వ శతాబ్దిలో నిర్ణయించారు. పాశ్చాత్య చింతనలో క్రైస్తవ తాత్త్వికుడు అగస్టీన్ కీడును మంచి లేమిగా వివరించాడు. తెలుగువారి మనసు మాత్రం పుట్టుకను దోషంగా ఒప్పుకోలేదనే చెప్పాలి. పోతన భాగవతం ద్వారా ఇంటింటికీ చేరిన ప్రహ్లాదుడు హిరణ్యకశిపుని కొడుకు, అంటే ఇదే రక్తవిలోచనునికి వరుసకు సోదరుడు. ఒకే వంశంలో, ఒకే నెత్తుటిలో ఇద్దరూ పుట్టారు.

20వ శతాబ్దిలో ఈ చింతన రాక్షసులను వదిలి సంఘం వైపు తిరిగింది. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న, పుట్టుకనే నేరంగా చూసే అంటరానితనంలో కీడును చూపి, దానికి వరాలూ శాపాలూ కాక మనుషులే కర్తలని ఎలుగెత్తారు. దళితుల గుడిసెల మంటలను వస్తువుగా తీసుకున్న ఆయన ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.