జాంబపురాణం రెండోసారి చూసినంక

మా దుండిగల్ మాదిగవాడలో చిందోళ్లు దిగిండ్రంటే పండుగే. 1979లో నాకు తొమ్మిదేండ్లు. పగలంతా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాల మోత, రాత్రంతా మద్దెల మోత. ముఖాలకు అర్దళం పూసుకొని, పొణికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు కట్టుకొని వాళ్లు వెలుగులకొస్తే కండ్లు తిప్పబుద్ధి కాకపోయేది.

ఆ రాత్రి జాంబపురాణం ఆడిండ్రు. మా మూలపురుషుడు జాంబవుడు భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టినోడు. బ్రాహ్మణుడు వచ్చి దూరం జరగమంటే, ముందు పుట్టింది ఎవరో తేల్చమని నిలదీస్తడు. బ్రాహ్మణుడు నీళ్లు నములుతుంటే వాడంతా పడిపడి నవ్వింది. మా అయ్య కూడా నవ్విండు. తెల్లారితే ఊళ్లె చెప్పులు చేతపట్టుకొని నడిచే మనిషి ఆయన.

కామధేనువు ఘట్టంల ఇంకా నవ్వు. దేవతలు ఆవును కోయించి, కూర ఉడుకుతుంటే నోరూరుతూ కూచుంటరు. వంటకాడ చెన్నయ్య కిందపడ్డ ముక్కను ఊది కుండల వేస్తడు. ఎంగిలైందని శాపం పెడతరు: చచ్చిన గొడ్డును తిని బతకండని. తిన కూచున్నది వాళ్లు, శాపం మాకు. దానికీ నవ్వినం.

మళ్లీ చూసింది 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతికి. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినంక మా కుర్రకారుకు చిందోళ్లు యాదికొచ్చిండ్రు. అదేరోజు తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలులోకొచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసిండ్రు. 1994లో మొదలైన దండోరాలో డప్పు పట్టుకొని నడిచినోణ్ని, నాకు కడుపు నిండిన రోజు.

శాపం కాడ నవ్వు రాలేదు. పక్కన కూచున్న మా అన్న బిడ్డ, "తప్పు మనదేనని మనమే ఒప్పుకున్నట్టుంది గదా చిన్నాయనా?" అన్నది. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసిన పుస్తకంల ఈ లెక్కే తిరగేసిండు. బ్రాహ్మణులు ఆవు మాంసం మానేసినంక, తినుడు మాననోళ్లను అంటరానోళ్లను చేసిండ్రన్నడు. పురాణం మాత్రం అదంతా చెన్నయ్య మీద పెట్టింది. అయినా దేవతలు తిన కూచున్న సంగతి దాచలేదు, అది మాత్రం మెచ్చుకోవాలె.

నాకు యాదికొచ్చింది వేరే. చిందోళ్లు మాదిగల కాడ్నే అడుగుతరు. మా ఊళ్ల మీద వాళ్లకు మిరాశి, మేమిచ్చేది త్యాగం. 1979లో ఆట అయిన తెల్లారి, జాంబవుడి వేషం వేసిన మనిషి మా గుమ్మం బయట జోలె పట్టుకొని నిలబడ్డడు. మా అవ్వ చెయ్యి తగలకుండ పైనుంచి జొన్నలు పోసింది. దూరం జరగమంటే నిలదీసినోడు, మమ్ముల ఏమీ అడగలేదు. మేం ఊరికి అంటరానోళ్లం, వాళ్లు మాకు. దండోరాల నడిచినన్ని ఏండ్లల్ల ఒక్కనాడూ నాకిది తట్టలేదు.

ఆట అయినంక జాంబవుడి వేషం వేసిన పెద్దాయనను ఇంటికి తోల్కపోయిన. ఎంత పిలిచినా గుమ్మం దాటలేదు. "ఆనవాయితీ గాదయ్యా" అన్నడు. నేనూ బయటనే ఆయన పక్కన కూచున్న. మా వదిన ఇద్దరికీ వడ్డించింది, ఆయనకు మాత్రం గంటె కొంచెం పైకెత్తి.